హ్యాండ్‌హెల్డ్ గేమింగ్ పీసీ కొనే ముందు నీ రోజులో ఖాళీ ఎక్కడుందో చూడు

తమ్ముడూ, నువ్వు రాసింది నాకు అర్థమైనంతవరకు ముందు ఒకసారి చెప్తాను, తప్పుంటే సరిదిద్దు. ఇల్లు ఎల్‌బీ నగర్, ఆఫీసు రాయదుర్గం, రోజూ మెట్రోలో రాకపోకలు. ఇంట్లో ఏడాదిన్నర పాప. 2019లో కొన్న, జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు ఉన్న లాప్‌టాప్ బ్యాటరీ పూర్తిగా పోయి, ప్లగ్ తీస్తే ఆగిపోతోంది. ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో డెబ్భై దాకా ఆటలు కొని పెట్టుకున్నావు, వాటిలో సగం ఇంకా తెరవలేదు. శనివారం రాత్రులు కాలేజీ ఫ్రెండ్స్‌తో ఆన్‌లైన్ షూటింగ్ ఆట వాలరెంట్. ఇప్పుడు బోనస్ చేతికొచ్చింది. 1,14,990 పెట్టి ఆర్‌ఓజీ ఎక్స్‌బాక్స్ అలై ఎక్స్ అనే హ్యాండ్‌హెల్డ్ (రెండు చేతులతో పట్టుకుని ఆడే చిన్న గేమింగ్ కంప్యూటర్) తీసుకోవాలా, దాని చిన్న మోడల్ అయిన 69,990 ఎక్స్‌బాక్స్ అలైతో సర్దుకోవాలా, ఇంకో ఏడాది ఆగాలా అన్నది నీ ప్రశ్న.

నా మాట ముందే చెప్పేస్తాను. ఈ నెల కొనకు. రెండు వారాలు ఒక చిన్న పరీక్ష పెట్టుకో, అది ఎలాగో కింద చెప్తాను, అందులో తేలితే కొను, కానీ 69,990 మోడల్ మాత్రం నీకు వద్దు. నేను 2023 నుంచి వీటిని వాడుతున్నాను, ఒకదాన్ని విప్పి స్వయంగా బాగుచేసుకున్నాను, చుట్టాల్లో స్నేహితుల్లో నలుగురికి దగ్గరుండి కొనిపించాను, ఇద్దరిని ఆపాను. ఆ ఇద్దరూ ఇప్పటికీ థ్యాంక్స్ చెప్తారు.

మొదట ఒక సంగతి నీ మనసులో గట్టిగా పడాలి. నీ పాత లాప్‌టాప్‌లో ఉన్న జీటీఎక్స్ 1650, 2023లో హ్యాండ్‌హెల్డ్‌ల కోసం వచ్చిన జెడ్1 ఎక్స్‌ట్రీమ్ చిప్‌లోని గ్రాఫిక్స్, దాదాపు ఒకే స్థాయివి. నువ్వు చూస్తున్న పెద్ద మోడల్‌లో ఉండే జెడ్2 ఎక్స్‌ట్రీమ్ దానికి ఒక మెట్టు పైన, అంతే. అంటే లక్ష దాటి ఖర్చుపెట్టాక కూడా బొమ్మ విషయంలో నీకు ఆహా అనిపించేంత తేడా రాదు. అదే డబ్బు గేమింగ్ లాప్‌టాప్ మీద పెడితే ఆర్‌టీఎక్స్ 4050, 4060 తరహా కార్డు వస్తుంది, అది వీటికి రెండింతల పైమాటే. కారణం కూడా తేలికే, కరెంటు. లాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే 50 నుంచి 100 వాట్లు తాగుతుంది, హ్యాండ్‌హెల్డ్‌లో ప్రాసెసర్, గ్రాఫిక్స్ రెండూ కలిపి 15 నుంచి 30 వాట్ల లోపల బతకాలి. అంత చిన్న డబ్బాలో అంతకుమించి వేడి బయటికి పోదు.

మరి అంత డబ్బుకి వచ్చేదేమిటి అంటే, ఎక్కడ కూర్చుంటే అక్కడ ఆడుకోవడం, పాప లేచిందంటే ఒక బటన్ నొక్కి పక్కన పెట్టేయడం, మళ్లీ తీసినప్పుడు ఆగిన చోటి నుంచే మొదలుపెట్టడం. ఇదొక్కటే. కానీ సరైన మనిషి చేతిలో పడితే ఈ ఒక్కటే చాలా పెద్ద విషయం. మా నాన్నకి ఆపరేషన్ అయినప్పుడు పన్నెండు రాత్రులు నేను ఆస్పత్రిలో అటెండెంట్‌గా ఉన్నాను. ఆయన నిద్రపోయాక, నర్సు వచ్చి వెళ్లే మధ్యలో, ఒక్కోసారి ఇరవై నిమిషాలు, ఒక్కోసారి గంట. నిద్ర రాదు, ఫోన్ చూస్తే ఇంకా టెన్షన్ పెరుగుతుంది. ఆ రోజుల్లో ఆ చిన్న మెషీన్ నన్ను ఎంత నిలబెట్టిందో మాటల్లో చెప్పలేను. అదే మెషీన్ అంతకుముందు మూడు నెలలు అల్మారాలో ఛార్జింగ్ దిగిపోయి పడి ఉంది, అదీ నిజమే. ఆ మూడు నెలలు నాకు ఇంట్లో టేబుల్ ముందు కూర్చునే టైమ్ ఉంది కాబట్టి దాన్ని ముట్టుకోలేదు. అందుకే ఎవరైనా అడిగితే నేను మోడల్ గురించి మొదలుపెట్టను, నీ రోజు ఎలా గడుస్తుందో చెప్పు అంటాను.

నీ రోజు చూద్దాం. పొద్దున ఎల్‌బీ నగర్‌లో రైలు అక్కడే మొదలవుతుంది కాబట్టి నీకు సీటు దొరుకుతుంది, అమీర్‌పేట దాకా అరగంట పైనే. ఇది నీకున్న బంగారం లాంటి టైమ్. అమీర్‌పేటలో దిగి బ్లూ లైన్‌లోకి మారాక రాయదుర్గం దాకా ఇరవై నిమిషాలు నిలబడే ప్రయాణం, ఒక చెయ్యి పైనున్న హ్యాండిల్‌కి ఇవ్వాలి, ఈ మెషీన్ రెండు చేతులతో తప్ప పట్టుకోవడం కుదరదు. సాయంత్రం తిరగబడుతుంది: రాయదుర్గంలో సీటు దొరకొచ్చు, అమీర్‌పేట దాకా ఇరవై నిమిషాలు, అక్కడి నుంచి మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ దాకా ఊపిరాడని రష్. అంటే రోజుకి నికరంగా నలభై, యాభై నిమిషాలు, అదీ వర్క్ ఫ్రమ్ హోమ్ లేని రోజుల్లో. అలిసిపోయిన సాయంత్రం ఆ సీట్లో నువ్వు నిజంగా ఆడతావా, కళ్లు మూసుకుంటావా? ఇది నీకే తెలియాలి.

ఇక రాత్రి, పాప పడుకున్నాక. ఇది మెట్రో కంటే గట్టి కారణం, ఎందుకంటే చిన్న పిల్లలున్న ఇంట్లో వేరే గదిలోకి వెళ్లి లాప్‌టాప్ తెరిచి, మౌస్ పెట్టుకుని, హెడ్‌ఫోన్స్ తగిలించుకుని కూర్చోవడం అనేది సంసారంలో ఒక ప్రకటన లాంటిది, పక్కనే పడుకుని తక్కువ వెలుతురులో అరగంట ఆడుకోవడం వేరు. కానీ రెండు చిన్న విషయాలు గుర్తుపెట్టుకో. ఈ మెషీన్ల బటన్లు టక్ టక్ మని శబ్దం చేస్తాయి, పెద్ద ఆట పెడితే ఫ్యాన్ హోరు స్పష్టంగా వినిపిస్తుంది. ఇంకొకటి బరువు. ఎక్స్‌బాక్స్ అలై ఎక్స్ 715 గ్రాములు, చిన్న మోడల్ 670, వాల్వ్ కంపెనీ చేసే ఇలాంటి మెషీన్ స్టీమ్ డెక్ ఓలెడ్ 640. ముప్పావు కిలో వస్తువుని వెల్లకిలా పడుకుని ముఖం మీద పట్టుకుంటే పదిహేను నిమిషాల్లో మణికట్టు నొప్పి పుడుతుంది. పొట్ట మీద దిండు పెట్టుకుని దాని మీద ఆనించి ఆడాలి, మా ఇంట్లో అందరం అదే చేస్తాం.

ఇప్పుడు ఆ 69,990 మోడల్ ఎందుకు వద్దంటున్నానో చెప్తాను, ఎందుకంటే పేర్లు చూసి చాలామంది ఇక్కడే మోసపోతున్నారు. ఈ చిప్‌లు చేసే ఏఎండీ వాళ్లు జెడ్2 అనే ఒకే పేరు కింద నాలుగు వేర్వేరు తరాల చిప్‌లు అమ్ముతున్నారు. జెడ్2 ఎక్స్‌ట్రీమ్ నిజంగా కొత్తది, జెన్ 5 కోర్లు (జెన్ అంటే ప్రాసెసర్ తరం, అంకె పెరిగేకొద్దీ కొత్తది), 16 గ్రాఫిక్స్ యూనిట్లు. ఒట్టి జెడ్2 అంటే జెన్ 4, 12 గ్రాఫిక్స్ యూనిట్లు, అంటే పాత జెడ్1 ఎక్స్‌ట్రీమ్‌కి తోబుట్టువు. జెడ్2 గో ఇంకా కింద. జెడ్2 ఏ అనేది జెన్ 2 కోర్లు నాలుగు, ఆర్‌డీఎన్‌ఏ 2 అనే పాత తరం గ్రాఫిక్స్ యూనిట్లు ఎనిమిది, అంటే 2022లో వచ్చిన స్టీమ్ డెక్‌లో ఏ నిర్మాణం ఉందో అదే. చిన్న ఎక్స్‌బాక్స్ అలైలో ఉన్నది ఈ జెడ్2 ఏ. 2023 జూలైలో మొదటి ఆర్‌ఓజీ అలై మన దేశంలో ఇదే 69,990కి వచ్చింది, అందులో ఎనిమిది జెన్ 4 కోర్లు, 12 గ్రాఫిక్స్ యూనిట్లు. రెండేళ్ల తర్వాత అదే ధరకి అంతకంటే పాత చిప్. దానికి బదులుగా 40 వాట్ అవర్ బ్యాటరీ కాస్తా 60 అయింది, పట్టు బాగా మెరుగైంది, అవి చిన్న విషయాలేమీ కావు. చిన్న చిన్న ఇండీ ఆటలు, పదేళ్ల కిందటి ఆటలు మాత్రమే ఆడేవాళ్లకి అది హాయిగా సరిపోతుంది. కానీ నీ లిస్టులో సైబర్‌పంక్ 2077, ఎల్డెన్ రింగ్, బాల్డర్స్ గేట్ 3 ఉన్నాయి. నాలుగు కోర్లతో బాల్డర్స్ గేట్ మూడో అంకంలో ఊరిలోకి అడుగు పెట్టిన రోజు నీకు బాధేస్తుంది, నీ లాప్‌టాప్‌కంటే నిదానంగా ఉందే అనిపిస్తుంది.

బ్యాటరీ లెక్క నువ్వే వేసుకోవచ్చు, ఏ రివ్యూ అక్కర్లేదు. బ్యాటరీ సామర్థ్యం వాట్ అవర్లలో రాసి ఉంటుంది, దాన్ని మొత్తం మెషీన్ లాగే వాట్లతో భాగించు, గంటలు వస్తాయి. చిప్‌ని 15, 17 వాట్ల దగ్గర పెడితే స్క్రీన్, ఫ్యాన్, వైఫై, ఎస్‌ఎస్‌డీ అన్నీ కలిపి మొత్తం 25 వాట్లు అనుకో. 80 వాట్ అవర్ బ్యాటరీతో మూడు గంటల పైన, 60తో రెండున్నర కంటే తక్కువ, 2023 నాటి 40తో గంటన్నర. చిప్‌ని 25 వాట్లకి పెంచావా, ఇవన్నీ ఇంకో మూడో వంతు తగ్గుతాయి. చిన్న ఆటలైతే చిప్ ఏడెనిమిది వాట్లతో నడిచిపోతుంది, అప్పుడు 80 వాట్ అవర్ మెషీన్ ఆరు గంటలు కూడా లాగుతుంది. నీ మెట్రో ప్రయాణానికి ఏదైనా సరిపోతుంది, సంక్రాంతికి ఊరికి బస్సులో వెళ్లేటప్పుడే తేడా తెలుస్తుంది. పవర్ బ్యాంక్ కొనేటట్టయితే 65 వాట్ల పీడీ (టైప్ సీ ఫాస్ట్ ఛార్జింగ్) ఇచ్చేది తీసుకో, మామూలు ఫోన్ పవర్ బ్యాంక్ పెడితే ఆడుతుండగానే ఛార్జ్ దిగిపోతూ ఉంటుంది. విమానంలో తీసుకెళ్లాలంటే 100 వాట్ అవర్ దాటకూడదు, అది చేతి సామానులోనే ఉండాలి.

దీనికి ముడిపడిన ఇంకో కిటుకు ఉంది, ఇది తెలిశాక నాకు ఈ మెషీన్ల మీద ప్రేమ రెట్టింపయింది. అందరూ సెకనుకి 60 ఫ్రేమ్‌ల కోసం, అంటే తెర మీద సెకనుకి 60 బొమ్మలు మారడం కోసం కొట్టుకుంటారు. 30 ఫ్రేమ్‌ల దగ్గర ఒక్కో ఫ్రేమ్‌కి 33.3 మిల్లీసెకన్లు, 60 దగ్గర 16.7. ఈ రెండింటికీ సరిగ్గా నడిమధ్య 25 మిల్లీసెకన్లు, అంటే 40 ఫ్రేమ్‌లు. చూడటానికి 30 నుంచి పది మాత్రమే పెరిగినట్టుంది కానీ చేతికి తెలిసే చురుకుదనంలో సగం దూరం వచ్చేసినట్టే. సెకనుకి 120 సార్లు మారే 120 హెర్ట్జ్ స్క్రీన్ మీద 40 సమంగా మూడోవంతు కాబట్టి కుదుపు కూడా ఉండదు. పెద్ద ఆటలకి 40 దగ్గర కట్టేసి, సెట్టింగ్స్ మీడియంకి దించి, ఎఫ్‌ఎస్‌ఆర్ (తక్కువ రిజల్యూషన్ బొమ్మని పెంచి చూపే సెట్టింగ్) పెట్టి, రిజల్యూషన్ 720 లేదా 800కి దించితే ఏడంగుళాల స్క్రీన్ మీద కన్నుకి తేడా దాదాపు తెలియదు, ఫ్యాన్ మాత్రం నెమ్మదిస్తుంది, బ్యాటరీ మిగులుతుంది. నువ్వు సెట్టింగ్స్ ముట్టుకోవడం ఇష్టం లేని మనిషివైతే మాత్రం ఇప్పుడే చెప్పు, ఎందుకంటే ప్రతి కొత్త ఆటకీ మొదటి పావుగంట ఈ పనే. నాకు అది సరదా. మా బావమరిదికి చిరాకు, వాడు రెండు నెలల్లో అమ్మేశాడు.

వాలరెంట్ సంగతి. దీని గురించి గట్టిగా చెప్పాలి. పీసీలో వాలరెంట్‌కి కంట్రోలర్ సపోర్ట్ లేదు, కీబోర్డ్, మౌస్ ఉండాల్సిందే. ఆటలో మోసాల్ని ఆపే దాని యాంటీ చీట్ ప్రోగ్రామ్ వాన్‌గార్డ్ లినక్స్ మీద నడవదు, కాబట్టి స్టీమ్‌ఓఎస్ (స్టీమ్ డెక్‌లో విండోస్‌కి బదులు ఉండే లినక్స్ తరహా సాఫ్ట్‌వేర్) ఉన్న ఏ మెషీన్‌లోనూ ఆ ఆట రాదు. విండోస్ హ్యాండ్‌హెల్డ్‌కి డాక్ (అన్నీ కలిపి తగిలించే చిన్న పెట్టె) తగిలించి, మానిటర్, కీబోర్డ్, మౌస్ పెట్టుకుని ఆడొచ్చు, బాగానే నడుస్తుంది, కానీ అప్పుడది చిన్న డెస్క్‌టాప్ అయిపోయింది కదా. ఫోర్ట్‌నైట్ కూడా స్టీమ్ డెక్‌లో నేరుగా రాదు. ఏపెక్స్ లెజెండ్స్ ముందు వచ్చేది, 2024 అక్టోబర్ చివర్లో లినక్స్‌ని ఆపేశారు. ఆన్‌లైన్ పోటీ ఆటలే ప్రాణం అయిన వాళ్లకి నేను హ్యాండ్‌హెల్డ్ అసలు చెప్పను. నీ శనివారం రాత్రి ఆ పాత లాప్‌టాప్ మీదే హాయిగా నడుస్తుంది, అది తేలికైన ఆట.

విండోస్ ఉన్నదా, స్టీమ్‌ఓఎస్ ఉన్నదా అంటే, ఒంటరిగా కథ ఉన్న ఆటలు ఆడేవాళ్లకి నా ఓటు స్టీమ్‌ఓఎస్‌కే. బటన్ నొక్కగానే నిద్రపోతుంది, నొక్కగానే లేస్తుంది, రెండు రోజుల తర్వాత తీసినా అదే చోట ఉంటుంది. పాప ఏడ్చినప్పుడు ఇదెంత ముఖ్యమో నీకు నేను చెప్పక్కర్లేదు. విండోస్‌లో స్లీప్ ఇప్పటికీ అంత నమ్మకంగా ఉండదు, బ్యాగ్‌లో పెట్టాక తనంతట తనే లేచి వేడెక్కి బ్యాటరీ మొత్తం తాగేసిన రోజులు నేను చూశాను, అందుకని పవర్ బటన్‌కి హైబర్నేట్ (ఆగిన చోటు దాచుకుని మెషీన్ పూర్తిగా ఆగిపోయే పద్ధతి) పెట్టుకోమని అందరికీ చెప్తాను, లేవడానికి పది పదిహేను సెకన్లు ఎక్కువ పట్టినా మనశ్శాంతి. కొత్త ఎక్స్‌బాక్స్ అలైలలో డెస్క్‌టాప్ లోడ్ కాకుండా నేరుగా ఎక్స్‌బాక్స్ స్క్రీన్‌తో మొదలయ్యే పద్ధతి తెచ్చారు, మెమరీ మిగులుతుంది, జాయ్‌స్టిక్‌తో తిరగడం సులువైంది, పాతవాటికంటే చాలా నయం. కానీ చిక్కేమిటంటే స్టీమ్ డెక్‌ని వాల్వ్ మన దేశంలో అధికారికంగా అమ్మదు. ఇక్కడ దొరికేవన్నీ బయటి నుంచి తెచ్చినవే.

ఇక్కడ నా సొంత గాయం ఒకటి చెప్పాలి. 2023లో నేను కొన్న మొదటి హ్యాండ్‌హెల్డ్ అలా బయటి నుంచి తెచ్చి అమ్మినదే. ఏ కంపెనీ, ఏ షాపు అన్నది చెప్పను, అది ఇప్పుడు అనవసరం. షాపు వారంటీ ఏడాది అని చీటీ మీద రాసిచ్చారు. ఎనిమిది నెలలకి ఎడమ జాయ్‌స్టిక్ డ్రిఫ్ట్ మొదలైంది, ముట్టుకోకపోయినా హీరో మెల్లగా ఎడమకి నడిచిపోతుంటాడు. చీటీ పట్టుకుని వెళ్తే దాన్ని రాసిచ్చిన కుర్రాడు అక్కడ పని మానేశాడన్నారు, కొత్త ఓనర్‌కి ఆ చీటీతో సంబంధం లేదన్నారు. నాలుగుసార్లు తిరిగాను. ఆఖరికి విడిభాగం ఆన్‌లైన్‌లో తెప్పించి, భోజనాల బల్ల మీద దుప్పటి పరిచి, ప్రతి స్క్రూ ఎక్కడిదో కాగితం మీద బొమ్మ గీసుకుని మూడు గంటల్లో మార్చాను. బాగైంది, కానీ ఆ మూడు గంటలు నా చేతులు వణుకుతూనే ఉన్నాయి. లక్ష రూపాయల వస్తువుతో ఆ పరిస్థితి నీకు రాకూడదు. కాబట్టి ఇండియా వారంటీ ఉన్నదే కొను, బిల్లు మీద జీఎస్టీ నంబర్, మెషీన్ సీరియల్ నంబర్ రెండూ ఉండాలి, ఆ సీరియల్‌ని కంపెనీ ఇండియా వెబ్‌సైట్‌లో కొట్టి వారంటీ చూపిస్తోందో లేదో షాపులో నిలబడే చూసుకో. పది వేలు తక్కువకి వస్తోందని బిల్లు లేనిది తీసుకోకు.

జాయ్‌స్టిక్‌ల గురించి ఇంకో మాట. హాల్ ఎఫెక్ట్ స్టిక్‌లు అయస్కాంతంతో పనిచేస్తాయి, లోపల రాసుకుని అరిగే భాగం ఉండదు, డ్రిఫ్ట్ చాలా అరుదు. లీజన్ గో, ఎంఎస్‌ఐ క్లా అనే వేరే కంపెనీల హ్యాండ్‌హెల్డ్‌లు వాటితో వస్తాయి. మొదటి లీజన్ గో మాత్రం 854 గ్రాములు, మెట్రోకి అది బరువే.

ఏడాది ఆగితే ధర తగ్గదా అన్నావు. మామూలు రోజుల్లో అయితే అవుననేవాడిని. కానీ 2025 చివరి నుంచి మెమరీ చిప్‌ల ధరలు విపరీతంగా పెరిగాయి, ఏఐ డేటా సెంటర్లు మొత్తం కొనేస్తున్నాయి, ఆ ప్రభావం ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉన్న ప్రతి వస్తువు మీదా పడుతోంది. కాబట్టి ధర తగ్గుతుందన్న ఆశతో ఆగడం కంటే, నీకు పనికొస్తుందో లేదో తేల్చుకోవడానికి ఆగు. ఈఎంఐ పెట్టినా తొందరపడకు. నో కాస్ట్ ఈఎంఐ అన్నచోట బ్యాంకు వడ్డీ వేస్తుంది, అంత మొత్తాన్ని ధరలో తగ్గించి చూపిస్తారు, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మాత్రం నీ మీదే పడతాయి. పన్నెండు నెలలైతే నెలకి 9,600 దగ్గర. పాప ఖర్చులున్న ఇంట్లో అది చిన్న మొత్తం కాదు, ఇంట్లో ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుని ఒప్పుకున్నాకే కార్డు తియ్యి. కేస్, టెంపర్డ్ గ్లాస్, డాక్, మెమరీ కార్డు కలిపి ఇంకో ఎనిమిది పది వేలు పక్కన పెట్టుకోవాలి. బాల్డర్స్ గేట్ ఒక్కటే 150 జీబీ అడుగుతుంది, 512 జీబీ మెషీన్‌లో విండోస్ పోను అలాంటివి రెండు మూడు పడితే నిండిపోతుంది.

మన ఊరి ఎండ సంగతి కూడా మర్చిపోకు. ఏప్రిల్, మే నెలల్లో బండి డిక్కీలో, పార్క్ చేసిన కారులో వదిలేశావంటే బ్యాటరీ ఉబ్బడానికి అంతకుమించిన దారి లేదు. ఇంట్లో ప్లగ్ పెట్టి ఎక్కువగా ఆడేటట్టయితే ఛార్జింగ్ 80 శాతం దగ్గర ఆగేలా సెట్టింగ్ ఉంటుంది, మొదటి రోజే అది పెట్టెయ్.

ఇప్పుడు ఆ పరీక్ష. ముందు నీ లాప్‌టాప్‌ని మనిషిని చెయ్యి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి తీసుకెళ్లి బ్యాటరీ మార్పించు, లోపల దుమ్ము దులిపించి థర్మల్ పేస్ట్ వేయించు. లక్షతో పోలిస్తే ఇది చాలా చిన్న ఖర్చు, హ్యాండ్‌హెల్డ్ కొన్నా కొనకపోయినా శనివారం వాలరెంట్‌కి అది కావాలి. తర్వాత నాలుగైదు వేలలో ఫోన్‌కి రెండు వైపులా తగిలించుకునే కంట్రోలర్ ఒకటి కొను. లాప్‌టాప్‌లో నడిచే ఆటని ఫోన్‌లో చూపించడానికి లాప్‌టాప్‌లో సన్‌షైన్, ఫోన్‌లో మూన్‌లైట్ అనే ప్రోగ్రామ్‌లు వేసుకో, రెండూ ఉచితం, లేదా స్టీమ్ లింక్ యాప్ చాలు. లాప్‌టాప్‌ని రూటర్‌కి కేబుల్‌తో కలిపి, ఫోన్‌ని 5 గిగాహెర్ట్జ్ వైఫైలో పెడితే హాల్లో ఆట నడుస్తుంటే నువ్వు మంచం మీద ఆడుకోవచ్చు. ఇదే నీకు హ్యాండ్‌హెల్డ్ రుచి. మెట్రోలో ఇది కుదరదు, అక్కడ ఆ కంట్రోలర్‌తో ఫోన్‌లో ఉన్న ఏదో ఒక మంచి ఆట ఆడు, ఏ ఆట అన్నది కాదు, ఆ సీట్లో నీకు ఆడాలనిపిస్తోందా అన్నదే చూడాలి.

రెండు వారాలు ప్రతి రోజూ ఒక కాగితం మీద రాసుకో: ఎక్కడ ఆడావు, ఎన్ని నిమిషాలు, ఎందుకు ఆపావు. పద్నాలుగు రోజుల్లో కనీసం ఎనిమిది రోజులు, రోజుకి అరగంట అయినా, టేబుల్‌కి దూరంగా ఆడి ఉంటే నీకు హ్యాండ్‌హెల్డ్ పనికొస్తుంది, వెనకాడకు. నాలుగు రోజులకి తగ్గితే ఆ డబ్బు కొత్త లాప్‌టాప్‌కి దాచుకో, లేదా పాప పేరు మీద వెయ్యి. మధ్యలో ఉంటే ఇంకో వారం పొడిగించు. నేను ఆపిన ఇద్దరిలో ఒకతను ఈ పరీక్షలోనే ఆగాడు, పద్నాలుగు రోజుల్లో ఒక్క రోజు ఆడాడు, మిగతా రోజులన్నీ నిద్ర అని రాసుకున్నాడు.

పరీక్షలో తేలితే నీకు నా మొదటి ఎంపిక 2024లో వచ్చిన ఆర్‌ఓజీ అలై ఎక్స్ (పేరులో ఎక్స్‌బాక్స్ లేని పాతది), ఎక్కడైనా ఇండియా బిల్లుతో దొరికితే. జెడ్1 ఎక్స్‌ట్రీమ్, 24 జీబీ ర్యామ్, 1 టీబీ, అదే 80 వాట్ అవర్ బ్యాటరీ, 678 గ్రాములు. నువ్వు ఆడే పద్ధతిలో, 15 నుంచి 17 వాట్ల దగ్గర, కొత్తదానికీ దీనికీ ఉన్న తేడాకి అంత అదనపు డబ్బు పెట్టడం నాకు సమ్మతం కాదు. స్టాక్ లేకపోతే అప్పుడు ఎక్స్‌బాక్స్ అలై ఎక్స్, దాని పట్టు మాత్రం నేను చేత్తో పట్టుకున్నవాటిలో అన్నిటికంటే హాయిగా ఉంది. పాతది ఎవరైనా అమ్ముతుంటే, వారంటీ మిగిలి ఉన్నా సరే, కొత్తదాని ధరలో సగం దాటితే వదిలెయ్. చూడటానికి వెళ్లినప్పుడు కమాండ్ విండోలో బ్యాటరీ రిపోర్ట్ తీయించి, తయారైనప్పటి సామర్థ్యం, ఇప్పుడు నిండుతున్న సామర్థ్యం రెండూ పక్కపక్కన చూడు. స్టిక్‌లు వదిలేసి కంట్రోలర్ టెస్ట్‌లో చుక్క మధ్యలోనే ఉందా చూడు. మెమరీ కార్డు ఒకటి వెంట తీసుకెళ్లి పెట్టి చూడు, 2023 అలైలో వేడికి కార్డు రీడర్ పాడయ్యే సమస్య ఉందని కంపెనీయే ఒప్పుకుంది. వెనక మూత ఎక్కడైనా లేచి ఉంటే బ్యాటరీ ఉబ్బినట్టే, అక్కడి నుంచి వచ్చెయ్.

కొత్తది కొనేముందు కూడా పెద్ద ఎలక్ట్రానిక్స్ షోరూమ్‌లో డెమో మెషీన్ పది నిమిషాలు చేతిలో పట్టుకుని నిలబడు, నువ్వు ఆడే ఆటలో అక్షరాల సైజు నీ కళ్లకి సరిపోతోందా చూసుకో, బాల్డర్స్ గేట్ లాంటివాటిలో ఏడంగుళాల మీద అక్షరాలు చీమల్లా ఉంటాయి. అద్దాలు పెట్టుకునే అలవాటుంటే అద్దాలతో వెళ్లు.

రెండు వారాల తర్వాత ఆ కాగితంలో ఏముందో ఇక్కడే రాయి తమ్ముడూ. దాన్నిబట్టి ఏ మోడల్, ఎక్కడ అన్నది కలిసి తేల్చుకుందాం, సీటీసీకి రమ్మంటే శనివారం పొద్దున నేనూ వస్తాను.